చిగురు దిగిన చోట

బెంగళూరు నుంచి గుంతకల్లు వైపు వచ్చే రైలు మార్గంలో రాష్ట్ర సరిహద్దు దాటాక హిందూపురం, తర్వాత పెనుకొండ, ఆపైన ధర్మవరం వస్తాయి. మొన్నటిదాకా అనంతపురం జిల్లా ఊళ్లు, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా ఊళ్లు. ఈ దారి పొడవునా ఎక్కడ పళ్ల సంగతి ఎత్తినా మాట నీళ్ల మీదికే పోతుంది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుందని, అది పిల్లల పళ్లకు గార పట్టిస్తుందని, పెద్దల నడుములు వంచేస్తుందని బడిపిల్లలకు కూడా తెలుసు. ఇది నిజమే. కానీ ఈ నిజం మరీ పెద్దదై కూర్చోవడం వల్ల దాని వెనుక ఇంకో జబ్బు కనపడకుండా పోయింది. అరవై దాటినవాళ్ల నోట్లో చిగురు కిందికి దిగి, వేరు బయటపడి, పంటి మెడ దగ్గర పుచ్చు మొదలవుతుంది. నొప్పి పెద్దగా ఉండదు. ఒకనాడు చెనక్కాయ విత్తనాలు నములుతుంటే పన్ను చిగురు దగ్గర పుటుక్కున విరుగుతుంది. వయసైపోయింది కదా, పళ్లు రాలక ఏం చేస్తాయని సరిపెట్టుకుంటారు. వయసు పళ్లను రాల్చదు. వేరుకు పట్టిన పుచ్చు రాలుస్తుంది, చిగుళ్ల జబ్బు రాలుస్తుంది. ఆ పుచ్చును ఆపడంలో పంటికి పెట్టే సిమెంటుకు గుంత పూడ్చడాన్ని మించిన పని ఒకటి ఉందని, ఏ సిమెంటు పెట్టాలో ఆ పనిని బట్టే తేల్చుకోవాలని ఈ అధ్యాయంలో వాదించబోతున్నాను. చిత్రమేమిటంటే, ఏ మూలకాన్ని నీళ్లలోంచి తీసేయడానికి ఈ ప్రాంతం దశాబ్దాలుగా తంటాలు పడుతోందో, ఆ పని చేసిపెట్టేది అదే మూలకం.

అది నీళ్లలోకి ఎలా వస్తుందో ముందు చూడాలి, ఎందుకంటే ఇదే రసాయనశాస్త్రం తర్వాత పంటి మీద మళ్లీ ఎదురవుతుంది. ఈ మూడు ఊళ్ల కింద ఉన్నవి చాలావరకు గ్రానైట్, నైస్ జాతి రాళ్లు. వాటిలోని నల్ల అభ్రకంలో, అపటైట్‌లో, ఫ్లోరైట్‌లో ఫ్లోరిన్ ఉంటుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే నేల ఇది. పడిన కొద్ది నీరు రాతి పగుళ్లలోకి దిగి ఏళ్ల తరబడి అక్కడే నిలిచి, రాతిని నెమ్మదిగా కరిగిస్తుంది. ఫ్లోరైట్ అంటే కాల్షియం ఫ్లోరైడ్. నీళ్లలో కాల్షియం బాగా ఉన్నంతకాలం ఫ్లోరైడ్ ఒక హద్దు దాటి కరగలేదు. అయితే ఈ మెట్ట నేలల్లో కాల్షియం సున్నపు గడ్డలుగా పేరుకుపోతుంది. నీళ్లలో సోడియం, బైకార్బొనేట్ మిగిలి కాల్షియం తగ్గేసరికి ఫ్లోరైడ్‌కు అడ్డు తొలగిపోతుంది. బోరు లోతుకు పోయేకొద్దీ, నీరు రాతితో గడిపిన కాలం పెరిగేకొద్దీ సాధారణంగా ఫ్లోరైడ్ పెరగడానికి కారణం ఇదే. మన దేశంలో ఫ్లోరైడ్ జబ్బును మొదట గుర్తించి రాసింది కూడా తెలుగు నేల మీదే. 1937లో షార్ట్, ఆయన సహచరులు అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో ఎముకలు బిగుసుకుపోయిన మనుషులను పరీక్షించి, కారణం తాగునీటిలోని ఫ్లోరైడ్ అని చెప్పారు. ఇప్పుడు మన ప్రమాణం ప్రకారం లీటరు తాగునీటిలో 1 మిల్లీగ్రాము దాకా ఉండవచ్చు. వేరే దారి లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం అనంతపురం జిల్లాలో ఏడువందలకు పైగా పల్లెలకు కుళాయి నీళ్లు తెచ్చింది. ఆ తర్వాతి కాలంలో ఊరూరా ఆర్వో ప్లాంట్లు వచ్చాయి. క్యాన్ నీళ్లు ఇప్పుడు ఇంటింటి మాట.

ఈ చరిత్రలో పన్ను అంటే ఎప్పుడూ చిగురు పైన కనపడే తెల్లని భాగమే. దాని మీది ఎనామెల్ శరీరంలో అన్నిటికన్నా గట్టి పదార్థం. బరువులో వందకు 96 వంతులు ఖనిజమే. వేరు సంగతి వేరు. దాని మీద ఎనామెల్ ఉండదు. సిమెంటం అనే పలుచని పొర ఉంటుంది. అది పంటి మెడ దగ్గర మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మందం కూడా ఉండదు. చిగురు కిందికి దిగి ఆ పొర బయటపడితే గట్టిగా నాలుగు నాళ్లు తోమినా, గార తీయించినా పోతుంది. దాని కింద డెంటిన్. అందులో ఖనిజం 70 వంతులు, మిగతాది కొలాజెన్ అనే మాంసకృత్తు, నీరు. తిన్న తీపిని నోటిలోని సూక్ష్మజీవులు ఆమ్లంగా మార్చినప్పుడు ఎనామెల్ కరగడం మొదలవ్వాలంటే పీహెచ్ 5.5 దగ్గరికి దిగాలి. డెంటిన్‌కు 6.2, 6.4 చాలు. వినడానికి చిన్న తేడాగా ఉంటుంది గానీ పీహెచ్ కొలమానంలో ఒక్క అంకె తేడా అంటే ఆమ్లం పదింతలు. అంటే ఎనామెల్‌ను ఏమీ చేయలేని పలచని ఆమ్లం కూడా వేరును కరిగించగలదు. నోరు తినేటప్పుడు మాత్రమే కాదు, ఉమ్మి తక్కువైన నోరైతే తిన్న చాలాసేపటి వరకూ వేరుకు ప్రమాదకరమైన స్థితిలోనే ఉంటుంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఎనామెల్‌లో పుచ్చు అంటే ఖనిజం కరగడమే. వేరులో ఖనిజం కరిగాక కొలాజెన్ వల బయటపడుతుంది, దాన్ని ఎంజైములు కొరుకుతాయి. ఆ వల నిలిచి ఉన్నంతవరకు పోయిన ఖనిజం మళ్లీ వచ్చి కూర్చోవడానికి చోటు ఉంటుంది. వల తెగితే ఇక రాదు. అందుకే వేరు పుచ్చులో కాలం చాలా విలువైనది. ఇది లోపలికి లోతుగా తొలుచుకుపోవడం కన్నా అడ్డంగా పాకుతుంది. చెట్టు మొదలు చుట్టూ బెరడు చెక్కినట్టు పంటి మెడను చుట్టేస్తుంది. పైన తెల్లగా, నిక్షేపంగా ఉన్న పన్ను నమలగానే విరిగిపడటం అందువల్లే.

హిందూపురం పేరు చెప్పగానే వ్యాపారులకు గుర్తొచ్చేవి బెల్లం, చింతపండు, మిరపకాయలు. మొదటి రెండూ మన విషయానికి దగ్గరి చుట్టాలు. బెల్లం పంచదార కన్నా మంచిదన్న మాట ఆరోగ్యం విషయంలో ఎంత నిజమో గానీ పంటి విషయంలో నిజం కాదు. దానిలో ప్రధానంగా ఉన్నది సుక్రోజే, పైగా అతుక్కుంటుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లానికి సూక్ష్మజీవుల సాయం కూడా అక్కర్లేదు, నేరుగా ఖనిజాన్ని మెత్తబరచగలదు. అలాగని చారు మానేయమని ఎవరూ చెప్పరు, చెప్పినా ఎవరూ వినరు. ఒక్కసారి భోజనంలో పడే పులుపును ఉమ్మి కడిగేస్తుంది. అసలు చిక్కు ఉమ్మి తగ్గినప్పుడు. రక్తపోటుకు, నిద్రకు, మనోవ్యాధులకు వాడే మందుల్లో చాలా వాటికి నోరు ఎండబెట్టే గుణం ఉంది. అదుపులో లేని మధుమేహానికీ ఉంది. నోటి క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్నవాళ్లకైతే ఉమ్మి దాదాపు ఆగిపోతుంది. వీటికి తోడు పొగాకు, వక్కాకు, ఇటుక పొడి, గరుకు పళ్లపొడి. ఇవి చిగురును కిందికి నెడతాయి లేదా బయటపడ్డ వేరును అరగదీస్తాయి. పగలూ రాత్రీ మగ్గం మీద కూర్చునే పనిలో గంటగంటకూ తాగే తీపి టీ లెక్క కూడా ఇందులో కలపాలి. మోతాదు కన్నా ఎన్నిసార్లు అన్నదే పంటికి ముఖ్యం. ప్రతి గుక్కా కొత్తగా ఒక ఆమ్ల విడత మొదలుపెడుతుంది.

ఇక ఈ వేరు గుంతలో ఏం నింపాలి? చాలాకాలం వెండి సిమెంటే దిక్కు. వెండి, తగరం, రాగి పొడిని పాదరసంతో కలిపిన ముద్ద అది. దవడ పళ్ల నమిలే చోట అది దశాబ్దాలు నిలుస్తుంది, అందులో సందేహం లేదు. కానీ అది పంటికి అతుక్కోదు. నిలవాలంటే గుంత నోరు చిన్నదిగా, అడుగు వెడల్పుగా చెక్కాలి. పలుచగా, పళ్లెంలా ఉండే వేరు పుచ్చులో అలా చెక్కడమంటే మిగిలిన మంచి డెంటిన్‌ను తీసి పారేయడమే. పైగా పాదరసం మీద అంతర్జాతీయంగా మినమాటా ఒప్పందం 2013లో వచ్చింది, 2017లో అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి ఈ ముద్ద వాడకం తగ్గుతూనే ఉంది. దాని స్థానంలో పంటి రంగు కాంపోజిట్ వచ్చింది. నీలి దీపం పెట్టి గట్టిపరిచేది ఇదే. అందంగా ఉంటుంది, అరుగుదలను తట్టుకుంటుంది. ఎనామెల్ అంచుకు చక్కగా పట్టుకుంటుంది కూడా. వేరు దగ్గర ఆ ఎనామెల్ అంచే లేదు. కాంపోజిట్ గట్టిపడేటప్పుడు వందకు రెండు మూడు వంతులు కుంచించుకుంటుంది. ఆ లాగుడుకు డెంటిన్ వైపు అతుకు తేలిగ్గా వదులుతుంది. పనిచేస్తున్నంతసేపూ చోటు పొడిగా ఉండాలి. చిగురు అంచున, కొన్నిచోట్ల చిగురు కిందనే ఉన్న గుంతలో రక్తపు చెమ్మ, చిగుళ్ల నుంచి ఊరే ద్రవం ఆపడం ఎంత చేయి తిరిగిన డాక్టరుకైనా కష్టమే. కంటికి కనపడని ఆ సందులో సూక్ష్మజీవులు చేరతాయి. నింపిన దాని పక్కనే కొత్త పుచ్చు మొదలవుతుంది. వేరు పళ్లకు సిమెంటు పెట్టించుకున్నా పోయాయని చెప్పుకునే కథల్లో చాలావాటికి మూలం ఆ అంచే.

ఇక్కడే ఒక పాత గమనిక పనికొచ్చింది. ఇరవయ్యో శతాబ్దం తొలి భాగంలో ముందు పళ్లకు సిలికేట్ సిమెంటు అనేదాన్ని వాడేవారు. అది నాసిరకం సరుకు. మరకలు పట్టేది, కరిగిపోయేది, కొన్నేళ్లకే మార్చాల్సి వచ్చేది. అయినా అది కరిగిపోయిన గుంతల చుట్టూ కొత్త పుచ్చు చాలా అరుదుగా కనపడేది. కారణం ఆ సిమెంటులో వాడిన గాజు. దాన్ని కరిగించి తయారుచేసేటప్పుడు తేలిగ్గా కరగడానికి ఫ్లోరైడ్ లవణాలు కలిపేవారు. ఆ ఫ్లోరైడ్ చుట్టూ ఉన్న పంటిలోకి కొద్దికొద్దిగా దిగుతూ ఉండేది. అంటే కొలిమి సౌకర్యం కోసం వేసిన దినుసు రోగికి మందయింది. 1960ల చివర లండన్‌లోని గవర్నమెంట్ కెమిస్ట్ ప్రయోగశాలలో ఆలన్ విల్సన్, బ్రయన్ కెంట్ ఈ తరహా గాజునే తీసుకుని, పాత సిమెంటులోని ఫాస్ఫారిక్ ఆమ్లం బదులు పాలీయాక్రిలిక్ ఆమ్లం కలిపారు. ఆ ఆమ్లానికి పంటిని పట్టుకునే గుణం ఉందని అప్పటికే మాంచెస్టర్‌లో డెనిస్ స్మిత్ 1968లో చూపించాడు. కొత్త సిమెంటు గురించి 1972లో బ్రిటిష్ డెంటల్ జర్నల్‌లో రాశారు. అదే గ్లాస్ ఐయనోమర్. పొడి, ద్రవం కలపగానే ఆమ్లం గాజు రేణువుల పైపొరను కరిగిస్తుంది. కాల్షియం, అల్యూమినియం బయటికొచ్చి ఆమ్లపు పొడవాటి గొలుసులను కట్టిపడేస్తాయి, ముద్ద గట్టిపడుతుంది. అదే గొలుసుల కొసలు పంటిలోని కాల్షియాన్ని కూడా పట్టుకుంటాయి. కాబట్టి గుంతను అడుగున వెడల్పు చేయాల్సిన పని లేదు. ఇది నీటితో కూడిన సిమెంటు గనుక కాస్త చెమ్మ ఉన్నా కొంప మునగదు. అయితే మొదటి కొద్ది నిమిషాల్లో ఉమ్మి తడి తగలకూడదు, మొదటి రోజు ఎండిపోనూ కూడదు. అందుకే పైన వార్నిష్‌గానీ, కనీసం వాసలీన్‌గానీ రాస్తారు. వేడికి, చల్లదనానికి పన్ను ఎంత సాగుతుందో ఇదీ సుమారుగా అంతే సాగుతుంది. ఆ గాజు తయారీకి వేసే ముడి దినుసుల్లో ఒకటి కాల్షియం ఫ్లోరైడ్, అంటే పెనుకొండ బోరు నీళ్లను పాడుచేసిన ఫ్లోరైట్‌దీ అదే రసాయనం. సిమెంటు నుంచి వెలువడిన ఫ్లోరైడ్ కొంత పంటి ఖనిజంలో చేరి ఆమ్లానికి త్వరగా లొంగని రూపం తెస్తుంది. చుట్టూ గాఢత ఎక్కువైతే మిగతాది కాల్షియం ఫ్లోరైడ్ లాంటి సన్నని రేణువులుగా పంటి మీద పేరుకుంటుంది. ఆమ్లం వచ్చినప్పుడు ఆ రేణువులు కరిగి, ఎక్కడ అవసరమో అక్కడ ఫ్లోరైడ్‌ను విడిచిపెడతాయి.

ఇంతవరకు చెప్పింది ప్రయోగశాల తర్కం. నోట్లో ఏం జరుగుతుందనేదే అసలు ప్రశ్న. ఈ విషయంలో కంపెనీల ప్రకటనలకూ నిజానికీ కొంత దూరం ఉంది. గ్లాస్ ఐయనోమర్ మొదటి ఒకటి రెండు రోజుల్లో ఫ్లోరైడ్‌ను బాగా వదులుతుంది, తర్వాత ధార సన్నబడుతుంది. ఏళ్ల తరబడి వదులుతూనే ఉంటుందన్న మాట నిజమే గాని, ఆ సన్నని ధార పుచ్చును ఆపడానికి చాలుతుందా అన్నది వేరే ప్రశ్న. మామూలు రోగుల మీద చేసిన పరిశీలనల్లో ఫలితాలు ఒక్కతీరుగా లేవు. ఈ చిక్కును విడదీసిన మంచి పరిశోధన నా దృష్టిలో కెనడాలో మెక్‌కాంబ్, ఆమె సహచరులు చేసి 2002లో ప్రకటించినది. తల, మెడ క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకుని నోరు ఎండిపోయిన 45 మందిని తీసుకున్నారు. ప్రతి ఒక్కరికీ పంటి మెడ దగ్గరి పుచ్చులకు మూడు రకాలూ పెట్టారు. ఒకదానికి మామూలు గ్లాస్ ఐయనోమర్, ఇంకోదానికి కాంపోజిట్ తరహా రెజిన్ కలిపిన గ్లాస్ ఐయనోమర్, మూడోదానికి కాంపోజిట్. అదే నోరు, అదే తిండి, అదే ఉమ్మి కనుక తేడా వస్తే అది సిమెంటుదే. రోజూ ఫ్లోరైడ్ జెల్ వాడమని అందరికీ చెప్పారు. కొందరు వాడారు, కొందరు వాడలేదు. రెండేళ్లకు ఏం తేలింది? జెల్ సరిగా వాడినవారిలో ఏ సిమెంటు పెట్టినా దాని పక్కన కొత్త పుచ్చు సమస్య కాలేదు. వాడనివారిలో మాత్రం కాంపోజిట్‌తో పోలిస్తే రెండు రకాల గ్లాస్ ఐయనోమర్ పక్కనా కొత్త పుచ్చు 80 శాతానికి పైగా తగ్గింది. మామూలు గ్లాస్ ఐయనోమర్ చాలాచోట్ల అరిగి, కరిగి పాడైంది కూడా. ఈ ఫలితాన్ని రెండు వైపుల నుంచీ చదవాలి. ఫ్లోరైడ్ ఇంకో దారిన నోటికి అందుతున్నవాడికి ఈ సిమెంటు వల్ల అదనపు మేలు చాలా తక్కువ. అందనివాడికి చాలా ఎక్కువ. చేతులు వణికి సరిగా తోముకోలేని ముసలివాళ్లు, ఇంకొకరి మీద ఆధారపడి బతికేవాళ్లు, వేపపుల్లతోనో ఫ్లోరైడ్ లేని పొడితోనో తోముకునేవాళ్లు, డాక్టరు చెప్పిన జెల్ కొనే స్తోమత లేనివాళ్లు రెండో వర్గంలోకి వస్తారు. మన ఊళ్లలో ఈ వర్గమే పెద్దది. తోముకోవడం మరిచిపోయే మనిషి నోట్లో మరిచిపోకుండా పనిచేసే వస్తువు సిమెంటు ఒక్కటే.

దీనికి ఈ ప్రాంతం నుంచి వచ్చే మొదటి అభ్యంతరం సహజమైనదే. ఫ్లోరైడ్‌తో ఇన్నాళ్లూ చచ్చాం, మళ్లీ పళ్లలోనూ పెడతారా? లెక్క చూద్దాం. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు రోజుకు మూడు లీటర్లు తాగే రైతు ఒంట్లోకి 6 మిల్లీగ్రాములు, అంటే 6,000 మైక్రోగ్రాములు పోతాయి. పంటి మెడ దగ్గర పెట్టిన చిన్న సిమెంటు బిళ్ల మొదటి రోజు మహా అయితే పదుల మైక్రోగ్రాములు వదులుతుంది. కొన్ని వారాలకు అది రోజుకు మైక్రోగ్రాము స్థాయికి దిగుతుంది. అప్పటికి రెండిటికీ వేల రెట్ల తేడా. పైగా పంటికి గార పట్టేది పన్ను దవడలో తయారవుతున్న వయసులో మాత్రమే, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు. అరవై ఏళ్ల మనిషి పంటికి కొత్తగా ఆ గార, అంటే ఫ్లోరోసిస్, రాదు. కాబట్టి ఎనిమిదేళ్ల లోపు మనవడికీ అరవై ఏళ్ల తాతకూ ఒకే నియమం పెట్టడం శాస్త్రం కాదు. ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లలో చిన్నపిల్లలకు ఫ్లోరైడ్ పేస్టు విషయంలో జాగ్రత్త పడటం సబబే. మన ఇళ్లలో పేస్టు గొట్టం ఒక్కటే ఉంటుంది, పిల్లల కోసం తీసుకున్న జాగ్రత్త తాతమ్మల వేర్లకు శిక్ష అవుతుంది. ఇంకో ఇబ్బంది ఉంది. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1,000 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో వెయ్యి వంతులు, మించకూడదని నియమం. వేరు పుచ్చు ఉన్న పెద్దవాళ్లకు కొన్ని దేశాల్లో 5,000 పీపీఎం పేస్టు రాసిస్తారు, మన మందుల అంగట్లో అది మామూలుగా దొరికే వస్తువు కాదు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. నీళ్లలోనే ఫ్లోరైడ్ ఉంటే వేర్లకు ఇప్పటికే రక్షణ ఉండాలి కదా, మళ్లీ ఈ సిమెంటు ఎందుకు? ఈ మాటలో నిజం ఉంది, దాన్ని దాటవేయకూడదు. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో లార్డ్స్‌బర్గ్ నీళ్లలో 3.5, డెమింగ్ నీళ్లలో 0.7 పీపీఎం ఫ్లోరైడ్ సహజంగానే ఉంది. 1986లో ప్రకటించిన పోలికలో లార్డ్స్‌బర్గ్ పెద్దల్లో వేరు పుచ్చు చాలా తక్కువగా తేలింది. కెనడాలోని స్ట్రాట్‌ఫర్డ్, వుడ్‌స్టాక్ పట్టణాలను పోల్చినప్పుడూ 1.6 పీపీఎం ఉన్న స్ట్రాట్‌ఫర్డ్‌దే పైచేయి. కాబట్టి హిందూపురం చుట్టుపక్కల పాత బోరు నీళ్లు కూడా తాగినవాళ్ల వేర్లను కొంత కాపాడే ఉంటాయని ఒప్పుకోవడంలో తప్పు లేదు. కానీ ఆ రక్షణకు కట్టిన వెల ఎముకలు, కీళ్లు. పంటి మెడ మీద పావు అంగుళం చోటును కాపాడటానికి మొత్తం అస్థిపంజరాన్ని ఫ్లోరైడ్‌లో నానబెట్టడం తెలివైన పద్ధతి కాదు. పైగా నీటి ఫ్లోరైడ్ పెద్దవాళ్ల పంటికి చేసే మేలులో చాలా భాగం తాగుతున్నప్పుడు పైపైన తగలడం వల్ల వచ్చేదే. ఆర్వో నీళ్లకు మారిన రోజున ఎముకలకు మేలు జరుగుతుంది, పైపై రక్షణ మాత్రం ఆగిపోతుంది. నీళ్ల పథకాలు వేసినవాళ్లు చేసింది మంచి పనే. అయితే ఆ మంచి పని వల్ల ఒక తరం పెద్దవాళ్ల వేర్లు చిగురు దిగిన వయసులోనే కొత్తగా అసహాయమయ్యాయి. ఈ ఖాళీని నీళ్లతో కాకుండా కావలసిన చోటనే పెట్టే మందుతో పూడ్చాలి.

ఊడిపోతుంది కదా అన్నది మూడో మాట. ఊడుతుంది, అరుగుతుంది, కాంపోజిట్ అంత గట్టిది కాదు. రెజిన్ కలిపిన రకం కొంత మెరుగు. రోగి దృష్టిలో డబ్బు పెట్టి పెట్టించుకున్నది రెండేళ్లకు ఊడితే అది నష్టమే. అయితే ఊడిపోయిన చోట పన్ను ఎలా ఉందన్నది ముందు చూడాలి. కాంపోజిట్ స్థిరంగా ఉండి దాని అంచున పన్ను పుచ్చితే తర్వాతి మెట్టు రూట్ కెనాల్, ఆ తర్వాత పీకడం. గ్లాస్ ఐయనోమర్ ఊడి అడుగున గట్టి డెంటిన్ కనపడితే పది నిమిషాల్లో మళ్లీ పెట్టవచ్చు. ఆ పెట్టడానికి కూడా పెద్ద హంగు అక్కర్లేదు. 1980ల మధ్యలో టాంజానియాలో కరెంటు లేని పల్లెల కోసం, చేతి పనిముట్లతోనే మెత్తబడ్డ పుచ్చును గీకి తీసేసి ఈ సిమెంటు అదిమి పెట్టే పద్ధతి మొదలైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994 నుంచి దాన్ని ప్రోత్సహించింది. హాంకాంగ్‌లో ముసలివాళ్ల వేరు పుచ్చులకు డ్రిల్లుతో చేసిన పద్ధతినీ, ఈ చేతి పద్ధతినీ పోల్చి 2006లో ప్రకటించారు. రెండు వైపులా గ్లాస్ ఐయనోమర్ జాతి సిమెంట్లే. ఏడాది తర్వాత డ్రిల్లు వైపు వందకు 92, చేతి పద్ధతి వైపు 87 నిలిచాయి. కదల్లేని అవ్వ మంచం పక్కన కూర్చుని చేయగల పనికి ఇది చెడ్డ ఫలితం కాదు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆవశ్యక మందుల జాబితాలో గ్లాస్ ఐయనోమర్‌ను, ఫ్లోరైడ్ పేస్టును, సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్‌ను చేర్చింది. మూడోది చుక్కల మందు. పుచ్చు మీద రాస్తే చాలావరకు అక్కడే ఆగుతుంది. హాంకాంగ్ వృద్ధాశ్రమాల్లో మూడేళ్లపాటు, ఏడాదికి ఒక్కసారి రాసినా తలకు కొత్త వేరు పుచ్చులు సగటున 0.7కు పరిమితమయ్యాయి. నోటి శుభ్రత గురించి చెప్పి వదిలేసినవారిలో అవి 2.5. దీని లోపం రంగు, రాసినచోట పుచ్చు నల్లగా మారుతుంది. వక్కాకు నోళ్లున్న చోట ఆ నలుపును ఎవరు పట్టించుకుంటారని అనేవాళ్లూ ఉన్నారు. నాకు ఆ మాట నచ్చదు. ఏ నోటికైనా తన అందం తనకు ఉంటుంది. దవడ పళ్లకు నల్ల మందు, ముందు పళ్ల మెడలకు సిమెంటు అన్నది మర్యాదైన పంపకం.

అన్నిటికన్నా ఎక్కువగా వినపడేది చివరి అభ్యంతరం. ఈ వయసులో ఇవన్నీ ఎందుకు, పీకించుకుని కట్టుడు పళ్లు పెట్టించుకుంటే పోదా? సంగటి ముద్ద మింగడానికి పళ్లెందుకని ఎగతాళిగా కూడా అంటారు. సంగటికి అక్కర్లేదు నిజమే, కానీ అనంతపురం నేల పండించేది చెనక్కాయ, దాన్ని నమలాల్సిందే. అసలు తిరకాసు ఎక్కడంటే, కొన్ని పళ్లు పీకి మిగతావి ఉంచి తీసిపెట్టే పళ్ల సెట్టు కట్టినప్పుడు దాని కొక్కేలు పక్కనున్న పళ్ల మెడలను పట్టుకుంటాయి. కొక్కెం కింద తిన్నది ఇరుక్కుంటుంది. ఉమ్మి అక్కడికి సరిగా చేరదు. సెట్టు మోసే పళ్లకు వేరు పుచ్చు రావడం దంత వైద్యంలో చాలాకాలంగా తెలిసిన సంగతి. ఆ పళ్లు కూడా పోతే సెట్టు పట్టుకునే ఆధారం పోతుంది, ఇంకా పెద్ద సెట్టు కావాలి. ఒక పన్ను పీకడం అక్కడితో ఆగే ఖర్చు కాదు. అందుకని సెట్టు కోసం కొలత తీయకముందే కొక్కెం ఆనబోయే పళ్ల మెడలను చిగురు పక్కకు జరిపి చూడాలి. మెత్తబడిన చోట గీకి గ్లాస్ ఐయనోమర్ పెట్టాలి. మెత్తబడబోతున్న చోట ఫ్లోరైడ్ వార్నిష్ రాయాలి. రాత్రి పడుకునేముందు సెట్టు తీసి పెట్టమని, పళ్లు ఫ్లోరైడ్ పేస్టుతో తోమి నీళ్లతో ఎక్కువగా పుక్కిలించకుండా ఉమ్మేయమని చెప్పాలి. అలా తోమినప్పుడల్లా పేస్టులోని ఫ్లోరైడ్ కొంత సిమెంటులోకి తిరిగి చేరుతుంది, మళ్లీ నెమ్మదిగా బయటికొస్తుంది.